కమిటీకి చేరిన ఉత్తరం

మొగపాలెం,
2025 జూలై 29

దుర్గమ్మా,

ఏటికి ఎర్రనీరు వచ్చి పది రోజులైంది. వేట లేదు. ఎండబెట్టడానికి ఎండా లేదు. నా నడుం నొప్పి ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాసి కాగితం పాడుచేయను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. నా ఫోను కోడలి చేతిలో ఉంటుంది, అది స్పీకరు పెడుతుంది. నువ్వు పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి రేవులో నాకే తిరిగి చెబుతారు. పైగా ఫోనులో అన్న మాట రేపు ఎవరైనా అనలేదనొచ్చు. నువ్వు కూడా కాగితం మీదే రాయి.

సంగతి ఇది. మన సొసైటీ ప్రెసిడెంటు గణేష్‌బాబు ఆదివారం ఆడవాళ్ళందరినీ తుపాను షెల్టరుకి పిలిచాడు. పార్లమెంటులో కొత్త బిల్లు పెట్టారట. తీరంలోనూ, ఏరు సముద్రంలో కలిసే మొగల్లోనూ చేపల మీద బతికేవాళ్ళకి కార్డులిస్తారట. ఇక మీద కార్డు ఉన్నవాళ్ళకే రేవు మీదా, చేపలు ఎండబెట్టుకునే దిబ్బ మీదా హక్కు. తెలుగులో ఉన్న కాగితం ఒకటి చదివి వినిపించి, బిల్లుని స్వాగతిస్తున్నామని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు.

నేను పెట్టలేదు. "గణేష్‌బాబూ, ఆ కాగితం ఓసారి ఇలా ఇయ్యి. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాను" అన్నాను.

"ఎందుకండీ అక్కా, చదివి వినిపించాను కదండీ" అన్నాడు.

"వినడం అయింది. చదవడం అవలేదు."

నవ్వి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి ఇంటింటికీ పంచాడు. ఇన్నేళ్ళ ప్రెసిడెంటుగిరీలో ఆ మనిషి ఎవరికైనా ఒక బెల్లంముక్క పెట్టాడా?

నువ్వు ఆ పార్లమెంటులోనే కూర్చుంటావు. ఆ బిల్లులో ఏముందో ఉన్నదున్నట్టు రాయి.

మీ అత్త
అచ్చాయమ్మ


న్యూఢిల్లీ,
2025 ఆగస్టు 8

అత్తా,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు చూసి ఎన్నాళ్ళయిందో. నేను బాగున్నాను. ఇక్కడ ఉక్కపోత మన ఊరి ఉక్కపోతలా ఉండదు, చెమట కూడా పట్టదు, ఊరికే ఉడికిస్తుంది.

నువ్వు విన్నది నిజమే. అయితే బిల్లు పెట్టగానే చట్టం అయిపోదు. ఇది లోతుగా చూడాల్సిన విషయమని సభ దాన్ని ఒక కమిటీకి పంపింది. రెండు సభల సభ్యులూ అందులో ఉంటారు. వాళ్ళు జనం దగ్గర సలహాలు తీసుకుంటారు, కొందరిని పిలిచి అడుగుతారు, ఆ తర్వాత ఏది మార్చాలో రిపోర్టు ఇస్తారు. సలహాలు ఎవరైనా రాయొచ్చు, తెలుగులోనైనా సరే. చివరి తేదీ సెప్టెంబరు 15. చిరునామా కవరు వెనక రాశాను.

బిల్లు ప్రతి పెడుతున్నాను. ఇది రహస్యం కాదు, వెబ్‌సైటులో అందరికీ దొరికేదే. నీకు కావలసింది రెండో పేజీలో నేను గీత గీసిన చోట ఉంది. తెలుగులో అది ఇది: "మత్స్యకారుడు అంటే, రిజిస్టరైన పడవ మీద చేపలు పట్టే పని చేసే వ్యక్తి."

ఇది మంచిదా చెడ్డదా అని నేను చెప్పను. సభలో ఎవరైనా తెలుగులో మాట్లాడితే, అద్దాల గదిలో కూర్చుని అదే క్షణంలో ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం. అక్కడ కూర్చున్నవాళ్ళకి సొంత అభిప్రాయం ఉండకూడదు. రేపు ఈ కమిటీ పని నా మీద పడితే దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేను. అప్పుడు ఏమీ అనుకోకు. నువ్వు ఎక్కడికైనా రాసుకుంటే నా పేరు ఎత్తకు.

నడుముకి ఆ బెల్టు కట్టుకుంటున్నావా?

దుర్గ


మొగపాలెం,
2025 ఆగస్టు 20

దుర్గమ్మా,

నువ్వు రాసిన ముక్క పది సార్లు చదివాను. పడవ మీద చేపలు పట్టేవాడే మత్స్యకారుడైతే నేనెవర్ని? నాతోపాటు ఏట్లో దిగే సుబ్బాయమ్మ ఎవరు? నలభై ఏళ్ళుగా మొలలోతు నీళ్ళలో దిగి చేతుల్తో పీతలు పట్టాం, గుల్లలు తీశాం. దిబ్బ మీద మెత్తళ్ళు ఎండబెట్టి, గంపలెత్తుకుని రావులపాలెం దాకా తిరిగి అమ్మాం. మా పేరు మీద పడవ ఏది? కార్డు రాకపోతే దిబ్బ మీద నుంచి లేచిపొమ్మంటారు. అంతేగా?

గణేష్‌బాబు దగ్గరికి పోయి నిలదీశాను. ఈసారి కాగితం చూపించాడు. అందులో "చేపల మీద ఆధారపడిన వారందరూ" అని ఉంది.

"మరి మా దుర్గ ఇలా రాసిందేంటి?" అని నీది చూపించాను.

వాడి మొహం మాడిపోయింది. "మీ మేనకోడలు ఢిల్లీ మనిషి అయిపోయిందండి అక్కా. ఎవరి కోసం అలా రాసిందో కనుక్కోండి" అన్నాడు.

ఆ మాట నాకు మంట పుట్టించింది. అయినా దాచను, ఇంటికొచ్చాక ఆలోచించాను. నీ పేరు ఎత్తొద్దన్నావు. నిజం రాసినదానివి పేరుకెందుకు భయపడాలి? ఆ కమిటీలో పెద్ద బోట్ల యజమానుల తరఫు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇప్పటిదాకా వాళ్ళ దగ్గరికి ఎవరెవరు వెళ్ళారు? రాయి.

మీ నాన్న పోయాక నిన్ను ఈ చేతుల్తో పెంచాను. రాజమండ్రి కాలేజీలో చేర్చిన రోజు బస్సులో నా గంప వాసనకి పక్కనున్నామె ముక్కు మూసుకుంటే, నువ్వు లేచి ఆమెతో పోట్లాడావు. ఆ పిల్లవే కదా నువ్వు?

అత్త


న్యూఢిల్లీ,
2025 సెప్టెంబరు 2

అత్తా,

నువ్వు అడిగిన వాటికి జవాబు రాయలేను. ఆ కమిటీ పని నాకు వేశారు. నా మేనత్త ఊరికి ఈ బిల్లుతో సంబంధం ఉందని మా అధికారికి ముందే చెప్పాను. లోపలి విషయం బయటికి పోకుండా చూసుకోమన్నారు. ఇక దీని గురించి నన్ను అడగొద్దు.

వానలు తగ్గాయా? బుల్లబ్బాయి బావ నావకి కొత్త ఇంజను పెట్టించాడా?

దుర్గ


మొగపాలెం,
2025 సెప్టెంబరు 9

సాయిదుర్గకి,

అడగొద్దన్నావు కాబట్టి అడగను. మా నలభై ముగ్గురు ఆడవాళ్ళ అర్జీ మేమే రాసుకున్నాం. వేరుగా ఎవరికేం రాయాలో అదీ రాశాను. రెండూ స్పీడు పోస్టులో వెళ్ళాయి. నీ సాయం అక్కర్లేకపోయింది.

ఇంజను పెట్టించాడు.

అచ్చాయమ్మ


న్యూఢిల్లీ,
2025 సెప్టెంబరు 27

అత్తా,

కమిటీ అక్టోబరులో విశాఖపట్నం వస్తోందని, మీ సంఘాన్ని మాట్లాడ్డానికి పిలిచారని పేపరులో చూశాను. ఇకపై ఈ సంగతి నీకు రాయడానికి నాకు అడ్డేమీ లేదు. నన్ను ఆ కమిటీ పని నుంచి తప్పించారు. పాత చర్చల కాగితాలకి సూచికలు తయారుచేసే గదిలో వేశారు. కిటికీ లేదు గానీ ప్రశాంతంగా ఉంటుంది.

అక్కడ ఏం మాట్లాడాలో మాత్రం నేను చెప్పను. నీకు ఒకరు చెప్పాల్సిన అవసరమూ లేదు. వెళ్ళేటప్పుడు మందులు మర్చిపోకు.

దుర్గ


మొగపాలెం,
2025 అక్టోబరు 15

దుర్గా,

వైజాగ్ వెళ్ళి వచ్చాం. నేను, సుబ్బాయమ్మ, సొసైటీ తరఫున గణేష్‌బాబు. పెద్ద హోటల్లో మేడ మీద హాలు. నేను చీర కొంగు బిగించుకుని కూర్చున్నాను, లోపల అంత చలి పెట్టారు. గుండ్రంగా బల్లలు. సభ్యులందరూ చెవులకి ఏవో తగిలించుకున్నారు. మూల గాజుపెట్టె లాంటి గదిలో ఒక కుర్రాడు మైకు పట్టుకుని కూర్చున్నాడు. మేం తెలుగులో చెబితే అతను ఇంగ్లీషులో చెబుతాడట. ఆ గదిలో నువ్వుంటావేమోనని ముందు అటే చూశాను.

ఛైర్మన్ మర్యాదస్తుడే. కూర్చునే మాట్లాడమన్నాడు. నేను లేచే మాట్లాడాను. ఒక సభ్యురాలు అడిగింది. ఆ కుర్రాడు తెలుగులో మాకు చెప్పాడు: "మీ ఆడవారు చేపలు పట్టడానికి వెళ్తారా?"

నేను అన్నాను, "మా ఆడోళ్ళు వేటకెళ్ళరండి. వేట మగోళ్ళది. మేం ఏట్లో దిగి చేతుల్తో పీతలు పడతాం, గుల్లలు తీస్తాం. వేట ఒడ్డుకొచ్చాక చేప మాది. కోసేది మేం, ఎండబెట్టేది మేం, అమ్మేది మేం. పడవ లేదని మమ్మల్ని తీసేస్తే చేప ఒడ్డునే కుళ్ళిపోద్దండి."

ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. ఛైర్మన్ థాంక్స్ చెప్పాడు. అంతే, అయిపోయింది. అంత సులువుగా అయిపోవడమే నాకు నచ్చలేదు. గణేష్‌బాబు వంతు వచ్చినప్పుడు, "అక్క చెప్పిందేనండి మాదీను" అని కూర్చున్నాడు. తిరుగు దారిలో కూడా నోరు విప్పలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నువ్వు ఎందుకు రాలేదో మాత్రం అర్థమైంది. పెద్దవాళ్ళ ముందు గంప మోసే అత్తని చూపించుకోవడం ఇష్టం లేక వేరే పని అడిగి తీసుకున్నావు. అవునా కాదా?

అచ్చాయమ్మ


న్యూఢిల్లీ,
2025 అక్టోబరు 25

అత్తా,

కాదు. నేను అడిగి తీసుకోలేదు. తప్పించారు అని రాశాను, ఆ మాటకి ఉన్న అర్థమే తీసుకో.

ఒక్క సంగతి జాగ్రత్తగా చదువు. ఇది ప్రతి సాక్షికీ ఉన్న హక్కు, రహస్యం కాదు. మీరు అక్కడ మాట్లాడినదంతా టైపు చేసి మీకు పోస్టులో పంపుతారు. ఇంగ్లీషులో ఉంటుంది. తప్పులుంటే దిద్ది, సంతకం పెట్టి, గడువులోగా తిప్పి పంపాలి. గడువు దాటితే అందులో ఉన్నదే మీరన్న మాటగా మిగిలిపోతుంది.

దాన్ని నాకు పంపకు. నేను చూడకూడదు. ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషిని, నీకు నమ్మకం ఉన్నవాళ్ళని, దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పించుకో. అది నువ్వన్న మాటేనా కాదా చూసుకో. ఎవరైనా ఊరికే సంతకం పెట్టేయమంటే పెట్టకు.

దుర్గ


మొగపాలెం,
2025 నవంబరు 9

దుర్గా,

నువ్వు చెప్పినట్టే కవరు వచ్చింది. సొసైటీ ఆఫీసుకి వచ్చింది. గణేష్‌బాబు తెచ్చి, "సంతకం పెట్టేయండి అక్కా, ఇది ఊరికే పద్ధతి కోసమండి" అన్నాడు. సరిగ్గా నువ్వు వినొద్దన్న మాటే. కవరు లాక్కుని తలుపేసుకున్నాను.

మన ఆసుపత్రి నర్సు క్రిస్టినా తెలుసుగా. ఆ పిల్ల ఎవరి పక్షమూ కాదు. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా వాకిట్లో కూర్చుని ఒక్కో లైను చదివి తెలుగులో చెప్పింది. మూడో పేజీలో ఆగిపోయింది.

"పెద్దమ్మా, మీరు నిజంగా ఇలా అన్నారా అండి?"

"ఏమని ఉంది?"

"'మా సంఘంలో ఆడవారు చేపల వృత్తిలో లేరు. ఆ వృత్తి పురుషులది.' ఆ తర్వాత పీతల గురించి ఉందండి. అది కూడా 'ఇంటి అవసరానికి' అని ఉంది."

ఆ లైను ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. నలభై ముగ్గురు నన్ను నమ్మి పంపితే, నేను వెళ్ళి మేం మత్స్యకారులం కామని చెప్పి వచ్చినట్టుంది. ఆ కుర్రాడు అమ్ముడుపోయాడు. లేకపోతే అంత తిరగబడి ఎలా వస్తుంది? గణేష్‌బాబే కొనేసి ఉంటాడు, అందుకే అక్కడ మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇలాగే అనుకుని నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. భోజనం చేస్తున్నాడు. కంచం ముందే కవరు పెట్టాను.

"ఇందులో ఏముందో నీకు ముందే తెలుసా లేదా? దేవుడి మీద ఒట్టేసి చెప్పు."

వాడు చెయ్యి కడుక్కుని కవరు నా వైపు జరిపాడు. "నాకు ఇంగ్లీషు రాదండి అక్కా. డిగ్రీ దాకా చదివానని చెప్పుకుంటాను గానీ తొమ్మిదిలోనే మానేశాను. ఆ తెలుగు కాగితం పెద్ద బోట్ల కంపెనీ ఏజెంటు ఇచ్చాడండి. పూతరేకులూ ఆయనే పంపాడు. నిజమేననుకున్నాను. వైజాగ్‌లో అక్కడున్న ఒకాయన్ని అడిగితే అప్పుడు తెలిసింది, మీ దుర్గ రాసిందే నిజమని. సిగ్గేసి మాట్లాడలేకపోయానండి."

అతని భార్య గుమ్మంలో నుంచుని ఏడ్చింది. వాళ్ళ ఇంట్లో కూడా దిబ్బ మీద చేపలు ఎండబెట్టేది ఆవిడే.

నేను ఆ రోజు అన్న మాట మళ్ళీ తెలుగులో నా చేత్తో రాశాను. పక్కన క్రిస్టినా ఇంగ్లీషులో రాసింది. తప్పు లైను కొట్టేసి సంతకం పెట్టాను. మర్నాడు గణేష్‌బాబు తన బండి మీద నన్ను ఎక్కించుకుని పోస్టాఫీసుకి తీసుకెళ్ళాడు. అప్పటికి గడువు ఇంకా రెండు రోజులుంది.

వాడి మాట నమ్మానా లేదా అని నన్ను అడగకు. ఆ గాజుగది కుర్రాడిని మాత్రం వదలను. వాడి మీద పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తాను. పేరు కనుక్కుని పంపు.

అత్త


న్యూఢిల్లీ,
2025 నవంబరు 20

అత్తా,

పేరు పంపను. ఫిర్యాదు రాయొద్దు.

నీ నోటితో అన్న మాట నువ్వే నాకు రాశావు కాబట్టి చెబుతున్నాను. అతను అమ్ముడుపోలేదు. మాతో పనిచేసేవాడే, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. వేట అంటే మనకి పడవెక్కి వల వెయ్యడం. అంతవరకే. ఆ అద్దాల గదిలో ఆలోచించుకోవడానికి ఊపిరి తీసుకునేంత సమయం కూడా ఉండదు. వేట అంటే చేపల వృత్తి మొత్తం అనుకున్నాడు. 'వేటకెళ్ళరు' అన్నది 'ఆ వృత్తిలో లేరు' అయింది. మొదటి మాట అలా పడ్డాక, పీతలు ఇంటి కూరకే అనుకున్నాడు. నేనున్నా వేరే తప్పు చేసేదాన్నేమో, ఈ తప్పు మాత్రం చేసేదాన్ని కాదు.

అనుమానంతో రాసిన ఒక్క ఉత్తరం ఏం చేస్తుందో నాకు తెలుసు. సెప్టెంబరులో మన జిల్లా నుంచి అలాంటిది మా ఆఫీసుకి వచ్చింది. తెలుగు అనువాదకురాలు కాగితాలు దాస్తోందని, పెద్ద బోట్ల వాళ్ళకి సాయం చేస్తోందని. అందుకే నన్ను తప్పించారు. విచారణ పెట్టారు. నాకు ఇంకా ప్రొబేషను పూర్తి కాలేదు. అది పోతే ఉద్యోగమే పోతుంది. ఆ కుర్రాడిదీ నాలాంటి ఉద్యోగమే.

దిద్దిన కాగితం పంపిన రసీదు జాగ్రత్త చెయ్యి.

దుర్గ


మొగపాలెం,
2025 డిసెంబరు 14

దుర్గమ్మా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. నాలుగు సార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. ముందు మంచి సంగతి రాస్తాను.

కమిటీ రిపోర్టు ఇచ్చింది. క్రిస్టినా ఫోనులో తీసి చదివింది. మత్స్యకారులంటే పట్టేవారు, చేత్తో ఏరేవారు, ఎండబెట్టేవారు, అమ్మేవారు అందరూ అని మార్చమని సిఫారసు చేశారు. తీరంలోని ఆడవాళ్ళు ఇచ్చిన సాక్ష్యాన్ని బట్టి అని కూడా రాశారట. సుబ్బాయమ్మ దిబ్బ మీదే చతికిలబడి నవ్వింది. ఇది ఇంకా చట్టం కాదని, ప్రభుత్వం ఒప్పుకోవాలని, మళ్ళీ సభలో పెట్టాలని నేను అందరికీ చెప్పాను. గణేష్‌బాబు పాత సంతకాల కాగితం తెచ్చి మా అందరి ఎదురుగా రద్దని రాసి సంతకం పెట్టాడు.

ఇక రెండో సంగతి. ఆ ఉత్తరం రాసింది నేనే.

సెప్టెంబరులో అర్జీతోపాటు వేరే కవరులో పంపాను. "మీ దగ్గర పనిచేసే సాయిదుర్గ నా మేనకోడలు. మా వంటివారి కాగితాలు దాస్తుంది. అడిగితే చెప్పదు. పెద్ద బోట్లవారి మనిషి అయి ఉంటుంది. దాన్ని ఆ పనిలో ఉంచవద్దు." ఇలాగే రాశాను. నువ్వు చెప్పకపోవడం చూసి గణేష్‌బాబు అన్నదే నిజమనుకున్నాను. నిన్ను తీసేస్తారని కాదు, నిన్ను పిలిచి అడుగుతారని అనుకున్నాను. అది కూడా సాకే. కోపంతో రాశాను.

నువ్వు ఆ గదిలో ఉంటే ఆ మాట అలా తిరగబడేది కాదు. నేనే నిన్ను గెంటేసి, నువ్వు రాలేదని నిన్నే తిట్టాను. నీ ఉద్యోగం పోతే నా మొహం నీకు చూపించను. ఇప్పుడు ఎవరికి రాయాలో చెప్పు. తప్పు నాదని రాసి సంతకం పెడతాను.

అచ్చాయమ్మ


న్యూఢిల్లీ,
2025 డిసెంబరు 23

అత్తా,

ఎవరికీ ఏమీ రాయొద్దు. విచారణ ముగిసింది. కొత్త సంవత్సరం నుంచి నన్ను మళ్ళీ కమిటీల పనికి తీసుకుంటున్నారు.

ఆ ఉత్తరం నీదని నాకు సెప్టెంబరు 18 నుంచి తెలుసు. కమిటీకి తెలుగులో వచ్చిన అర్జీలన్నీ ఇంగ్లీషులోకి మార్చే పని కూడా అప్పుడు నాదే. ఆ పూట నా బల్ల మీద పెట్టిన కట్టలో పదకొండో కవరు నీది. పేరు రాయకపోయినా, 'మేనకోడలు' అన్న మాట దాకా పోకముందే నీ 'మ' నాకు తెలియదా. గదిలో ఎవరూ లేరు. ఆ కట్టలో ఎన్ని కవర్లున్నాయో ఇంకా రాసుకోలేదు కూడా. చింపేస్తే ఎవరికీ తెలిసేది కాదు.

కూర్చుని తర్జుమా చేశాను. 'దాస్తుంది' దగ్గర కాస్త మెత్తని మాట వేద్దామా అని చూశాను. వెయ్యలేదు. నువ్వు ఎంత గట్టిగా రాశావో అంత గట్టిగానే రాశాను. 'పెద్ద బోట్లవారి మనిషి' కూడా అలాగే ఉంచాను. కింద నా పేరు, తేదీ వేసి నేనే తీసుకెళ్ళి మా అధికారికి ఇచ్చాను. ఆయన చదివి నా మొహం చూసి, "ఇది మీ గురించే కదా" అన్నారు. అవునన్నాను.

విచారణలో నా తర్జుమాని ఇంకో తెలుగు ఆయన చేత సరిచూయించారు. ఎక్కడా తగ్గించలేదు, ఎక్కడా మార్చలేదు అని ఆయన రాశారు. తన మీద వచ్చిన ఫిర్యాదునే దాచని మనిషి మరొకరి కాగితం దాచిందనడానికి ఆధారం లేదని ఫైలు మూసేశారు.

కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. ఆ మూడు నెలలూ నీకు ఉత్తరం రాసిన ప్రతిసారీ అడుగుదామని కలం పట్టుకుని, మందుల గురించి రాసి ముగించాను. నువ్వు నన్ను అడిగినవి నేను చెప్పలేకపోయాను, అది నా ఉద్యోగం. నేను అలాంటిదాన్నని నువ్వు ఎలా నమ్మావన్నది మాత్రం నాకు ఇంకా తెలియలేదు. దానికి ఉత్తరంలో జవాబు రాయకు.

ఫిబ్రవరి మొదటి వారంలో వస్తున్నాను. నాలుగు రోజులుంటాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నోరారా పోట్లాడుకుందాం.

దుర్గ